వారోత్సవాల పోటీల్లో పిల్లలు పుస్తకం తెరవాలి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచర్ని. ఇప్పుడు సాయంత్రాలు మా ఇంటి వరండాలో ఊరి పిల్లలకు కథల పుస్తకాలు ఇస్తుంటాను. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల గురించి, ఆ వారంలో పిల్లలకు పెట్టే పోటీల గురించి, పిల్లల కోసం రాసేవాళ్ళ గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. బడులూ పౌర గ్రంథాలయాలూ రెండూ మీ శాఖ కిందే ఉన్నాయి. కాబట్టి నేను అడగబోయే పనికి ఫైలు ఇంకో శాఖకు వెళ్ళాల్సిన అవసరం కూడా లేదు.

వారోత్సవాల్లో వ్యాసరచన ఉంటుంది, వక్తృత్వం ఉంటుంది, క్విజ్, బొమ్మలు వేయడం, పాటలు, ముగ్గులు ఉంటాయి. చాలా శాఖా గ్రంథాలయాల్లో ఉండేది ఒక్క మనిషే. బెంచీలు సర్దడం దగ్గర్నుంచి సర్టిఫికెట్లు రాయడం దాకా అన్నీ ఆ ఒక్కరే చూసుకుంటారు. వాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా బాధ ఏమిటంటే, ఈ పోటీల్లో దేనిలోనైనా సరే, మొదటి బహుమతి కొట్టడానికి ఒక్క కథల పుస్తకం కూడా చదవక్కర్లేదు. పుస్తకాల పండగలో పుస్తకంతో పని పడటం లేదు.

ఒక ఏడాది నన్ను వ్యాసాలు దిద్దమని పిలిచారు. అంశం ‘పుస్తక పఠనం – ప్రయోజనాలు’. కట్టలో సగానికి పైగా ‘చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, మంచి పుస్తకం కొనుక్కో’ అన్న మాటతోనే మొదలయ్యాయి. ఆ తర్వాత పేరాలు కూడా అందరివీ ఒకటే, ఎక్కడో ఒకే కాగితం చూసి బట్టీ పట్టినట్టు తెలిసిపోతోంది. అందులో గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసిన ఎనిమిదో తరగతి అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. పిలిచి, “ఈ మధ్య ఏం కథ చదివావమ్మా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి తెలుగు వాచకంలో ఒక పాఠం పేరు చెప్పింది. “వాచకం కాకుండా?” అన్నాను. “కథల పుస్తకాలు బీరువాలో ఉంటాయి టీచర్. ఇవ్వరు,” అంది. అందులో ఆ పిల్ల బాధపడటం గానీ ఎవరినీ తప్పుపట్టడం గానీ లేదు. బళ్ళో పుస్తకాలంటే అలాగే ఉంటాయని అనుకుంటోందంతే. బహుమతిగా ఆ పిల్లకు స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చారు.

ఆ బీరువా సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. అసలు చిక్కు అక్కడే ఉంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని షెడ్యూలులో ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, వాటితోపాటు కథల పుస్తకాలు ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. సమగ్ర శిక్షా పథకంలో బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు పెట్టారు. అంటే పుస్తకాలు అసలే లేవని కాదు. ఎంతో కొంత వచ్చాయి. వచ్చినవి స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాయి, రిజిస్టర్‌తోపాటు బీరువాలోకి వెళ్ళాయి. తాళంచెవి హెడ్మాస్టరు గారి సొరుగులో ఉంటుంది. ఆయన బదిలీ మీద వెళ్ళేటప్పుడు చార్జి అప్పగించాలి. పుస్తకాలు లెక్కకు తగ్గితే ఆ సొమ్ము తన జీతంలోంచి పట్టుకుంటారేమోనని టెన్షన్. గ్రంథాలయం బాధ్యత చూసే టీచరుకూ అదే టెన్షన్. ‘పిల్లలకిస్తే చింపేస్తారు, పోగొడతారు, తర్వాత ఎవరు కట్టాలి?’ అనే మాట నేను పనిచేసిన ప్రతి స్టాఫ్‌రూములోనూ విన్నాను. అలా అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇస్తే పోతుందేమోనన్న భయం ఉంది, ఇవ్వకపోతే అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అలాంటప్పుడు ఎవరైనా తాళమే వేస్తారు.

ఈ భయం తీర్చడానికి పైసా ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు 2017లో 215వ నిబంధన ఒకటుంది. చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకూ ఏడాదిలో అయిదు పోవడం సహజమేనని, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే దాన్ని మామూలు నష్టంగా ఒప్పుకోవచ్చని అది చెబుతుంది. వెయ్యి రూపాయల పైన ధర ఉన్నవీ, అరుదైనవీ పోతే మాత్రం విచారణ చేయమంటుంది. ఇక్కడ గమనించాల్సింది, ఆ లెక్క బీరువాలో ఉన్న పుస్తకాల మీద కట్టింది కాదు, చదవడానికి ఇచ్చిన పుస్తకాల మీద కట్టింది. ఎంత ఎక్కువ మంది పిల్లలకు ఇస్తే అంత ఎక్కువ మినహాయింపు. అది కేంద్ర ప్రభుత్వ సంస్థల్లోని గ్రంథాలయాలకు పెట్టిన లెక్క. పిల్లల చేతుల్లో పుస్తకం ఇంకా తొందరగా నలుగుతుంది కాబట్టి మన బడులకు వెయ్యికి యాభై దాకా ఒప్పుకోండి. చిరిగిన పుస్తకాన్ని హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ కలిసి సంతకం పెట్టి రిజిస్టర్‌లోంచి కొట్టేయవచ్చని ఒక్క మెమో ఇప్పించండి. అలా కొట్టేసిన పుస్తకాలకు ఎవరి జీతంలోంచీ కోత ఉండదని కూడా అందులోనే రాయించండి.

పుస్తకాన్ని మనిషి దగ్గరికి పంపడం మనకు కొత్త కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలుపెట్టిన గ్రంథాలయోద్యమం ఈ నేల మీదే నడిచింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టించి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ వెంట ఊరూరా ఇప్పించారు. అలాంటి చోట బళ్ళో పిల్లకు పక్క గదిలోని పుస్తకం అందకపోవడం ఏమిటి?

ఇక పుస్తకాలు రాసేవాళ్ళ గురించి. పిల్లల పుస్తకాలకు కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది, 50,000 రూపాయలు. తెలుగులో మొదటిది పాకాలకు చెందిన కలువకొలను సదానంద గారి ‘అడవితల్లి’ నవలకు వచ్చింది. ఆయన బడిపంతులుగా పనిచేసినవారు. 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావు గారికి, 2019లో బెలగాం భీమేశ్వరరావు గారికి వచ్చింది. ఇద్దరిదీ పార్వతీపురమే. వరుసగా రెండేళ్ళు ఒకే ఊరి వాళ్ళకు రావడం మాకెంత గర్వమో చెప్పలేను. అయితే మీరొకసారి కనుక్కోండి: పాకాల బళ్ళో ‘అడవితల్లి’ పిల్లల చేతికి అందేట్టు ఉందా? పార్వతీపురం చుట్టుపక్కల బళ్ళలో ఆ ఊరి రచయితల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి?

పిల్లలకు రాసేవాళ్ళలో ఎక్కువ మంది టీచర్లూ, రిటైరైన టీచర్లే. అయిదు వందల కాపీలో వెయ్యి కాపీలో సొంత డబ్బుతో వేసుకుంటారు. సభ పెట్టి ఆవిష్కరిస్తారు. వచ్చినవాళ్ళకు కొన్ని ఉచితంగా ఇస్తారు. మిగతావి ఇంట్లో అటక మీద ఉంటాయి. పుస్తకం బాగుందని సాటి రచయితలు చెబుతారు గానీ, పదేళ్ళ పిల్లవాడు ఏమన్నాడో వాళ్ళకు తెలిసే దారి లేదు. రచయితకు పురస్కారం కన్నా ఆ మాటే ముఖ్యమని నేను నమ్ముతాను.

ఎందుకంటే అది నేను కళ్ళారా చూశాను. ఒకసారి మా బడికి ఒక రచయితను పిలిపించాను. వారం ముందే ఆయన పుస్తకం నాలుగు కాపీలు తెప్పించి ఏడో తరగతిలో తిప్పాను. ఆయన వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్దామనుకున్నారు. వెనక బెంచీ కుర్రాడు లేచి, “సార్, మీ కథలో ఆ మేకని సంతలో అమ్మేశాక దాని సంగతి మళ్ళీ రాయలేదేంటండీ?” అని అడిగాడు. ఆయన ఏదో చెప్పబోయారు. “లేదు సార్, వాళ్ళ నాన్న దాన్ని మళ్ళీ కొనకపోయినా, కథలో ఆ పిల్లోడు వెళ్ళి చూసుంటాడు కదండీ. నేనైతే వెళ్తాను,” అన్నాడు. క్లాసంతా రెండు జట్లయి వాదించుకున్నారు. పీరియడ్ బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ కుర్రాడు పరీక్షల్లో తెలుగులో ఎప్పుడూ గట్టెక్కితే చాలన్నట్టు ఉండేవాడు. రచయిత ఆ పేజీ దగ్గర ఏదో గుర్తు పెట్టుకుని వెళ్ళారు.

పోటీ అలా ఉండాలని నా కోరిక. కేరళలో స్టేట్ లైబ్రరీ కౌన్సిల్ విద్యార్థులకు ఏటా చదువు పోటీ పెడుతుంది. పుస్తకాల పేర్లు ముందే ప్రకటిస్తారు, కింది స్థాయి నుంచి రాష్ట్రస్థాయి దాకా నడుస్తుంది. అక్కడ బాలసాహిత్యానికి ప్రత్యేకంగా ప్రభుత్వ సంస్థే ఉంది. మన దగ్గర జనవిజ్ఞాన వేదిక వాళ్ళు చెకుముకి సైన్స్ సంబరాలనే పోటీలు బడి నుంచి మండలానికి, జిల్లాకు, రాష్ట్రానికి నడిపిస్తున్నారు. కాబట్టి ఈ ఏర్పాటు మనకూ తెలిసిందే. అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా, సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ కలిసి పిల్లల బొమ్మల పుస్తకాలకూ నవలలకూ పోటీలు పెట్టి, ఎంపికైనవి అచ్చు వేయిస్తున్నాయి. అంటే కొత్త పుస్తకాలు వస్తున్నాయి, రాసేవాళ్ళున్నారు. వాటిని చదివే పిల్లలతో కలిపే పని ఒక్కటే మిగిలింది, అది ప్రభుత్వం మాత్రమే చేయగలదు.

ఏటా జూన్‌లో బడులు తెరిచేసరికి ముప్పై తెలుగు పిల్లల పుస్తకాలతో ఒక జాబితా వేయించండి. మూడు నుంచి అయిదు తరగతులకు కొన్ని, ఆరు నుంచి ఎనిమిదికి కొన్ని, పై తరగతులకు కొన్ని. ఎంపికలో టీచర్లు, గ్రంథపాలకులు కూర్చోవాలి. బతికున్న రచయితలవి సగమైనా ఉండాలి. వాటిని బడులకూ శాఖా గ్రంథాలయాలకూ కొనండి. కొనేటప్పుడు దయచేసి పేజీల లెక్కన ధర కట్టకండి. పదహారు పేజీల రంగుల బొమ్మల పుస్తకానికి ఎంత ఖర్చవుతుందో, ఆ బొమ్మలు వేసిన ఆర్టిస్టు ఎంత కష్టపడతారో పేజీల లెక్కలో కనబడదు. డబ్బు ఎక్కడిదంటే, ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా జనం కడుతూనే ఉన్నారు. పంచాయతీలూ మున్సిపాలిటీలూ జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయాల్సిన బకాయిలు వసూలు చేయించండి.

నవంబరులో పోటీ ఆ ముప్పై పుస్తకాల మీద. దయచేసి బిట్ పేపర్ మాత్రం పెట్టకండి. కుందేలు ఏ రంగు, ముసలాయన పేరేమిటి అని బిట్లు అడిగామంటే మరుసటి ఏడాదికే గైడు వచ్చేస్తుంది. పిల్లలు గైడే చదువుతారు, పుస్తకం మళ్ళీ బీరువాలోనే. దాని బదులు చదివిన పుస్తకం గురించి మూడు నిమిషాలు మాట్లాడమనండి, పెద్దలు ఎదురు ప్రశ్నలు వేయాలి. రచయితకు ఉత్తరం రాయమనండి. పుస్తకంలో లేని బొమ్మ ఒకటి వేయమనండి. 1947లో మొదలైన ‘చందమామ’లో రెండు ఫొటోలు వేసి, ఒకదానికొకటి సంబంధం ఉండేలా చిన్న వ్యాఖ్యలు రాసి కార్డు మీద పంపమనేవారు. నాలుగు మాటల్లో భావం చెప్పడం తరాల పిల్లలు అలా నేర్చుకున్నారు. అలాంటివి మళ్ళీ పెట్టవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల చేత ఓటు వేయించండి. ఏ పుస్తకం నచ్చిందో ప్రతి బడిలోనూ చీటీ రాసి డబ్బాలో వేస్తారు. రాష్ట్రమంతటా లెక్క తేల్చి, ఎక్కువ మంది మెచ్చిన పుస్తకం రచయితకూ, బొమ్మలు వేసిన ఆర్టిస్టుకూ కలిపి ప్రభుత్వం బహుమతి ఇవ్వాలి. పెద్దల కమిటీలు ఇచ్చే అవార్డులు ఎన్నో ఉన్నాయి, పిల్లలు ఇచ్చేది ఒక్కటైనా ఉండనివ్వండి. గెలిచిన పిల్లలకు గిన్నెలూ షీల్డులూ వద్దు. జిల్లా కేంద్రంలో పుస్తకాలు బల్ల మీద పరిచి, నచ్చినవి అయిదు ఏరుకోమంటే చాలు.

ఇదంతా ఒక్క ఏడాదిలో కాదని నాకు తెలుసు. జాబితా, కొనుగోలు వచ్చే జూన్‌కు చూద్దాం. కానీ చిరిగిన పుస్తకాల మెమోకు టెండరు అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. అది ఈ వారోత్సవాల లోపే ఇవ్వండి. దానితోపాటే నవంబరు 14న ప్రతి బడిలోనూ బీరువా తెరిచి, ప్రతి పిల్లకూ ఒక పుస్తకం ఇంటికి ఇచ్చి పంపమని ఆదేశించండి. జాబితా ఎంపికకు కూర్చునే మనుషులు కావాలంటే నాలాంటి రిటైరైన టీచర్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. టీఏ, డీఏ లేకపోయినా వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
విజయనగరం జిల్లా