తీరం పేరొక్కటే చెబితే ఎట్లా?

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం పిల్లల పేజీలో తెరచాప పడవ ఫొటో వేసి ‘ఇది ఏ తీరం?’ అని అడుగుతున్నారు. మంచి శీర్షికే. కానీ మరుసటి వారం ‘భీమునిపట్నం’ అని ఒక్క ముక్కలో జవాబు వేసి ఊరుకుంటున్నారు. వరంగల్, ములుగు, జనగామ పిల్లలకు సముద్రం ఎప్పుడో సెలవుల్లో తప్ప కనిపించదు. ఆ తీరమే ఎందుకయిందో చెప్పకపోతే వాళ్లకు అది లాటరీ కిందే లెక్క.

ముందు కొండల సంగతి చెప్పండి. విశాఖ దగ్గర తూర్పు కనుమల కొండలు సముద్రం అంచుదాకా వస్తాయి. యారాడ, డాల్ఫిన్స్ నోస్ అట్లాంటివే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. కాకినాడ దాటితే గోదావరి, కృష్ణా డెల్టాల చదును నేల, సరుగుడు తోటలు, తాటిచెట్లు, మడ అడవులు. ఒడ్డునే కొండ నిలబడి ఉంటే అది మచిలీపట్నమో సూర్యలంకో అయ్యే వీల్లేదు. అయితే జూమ్ లెన్సు దూరపు కొండను లాక్కొచ్చి పడవ పక్కన పెడుతుంది. మసకగా, నీలంగా కనిపించే కొండ దగ్గరిది కాదు.

సూర్యుడు నీళ్లలోకి దిగుతుంటే పిల్లలు ఠక్కున ‘పడమటి తీరం’ అనేస్తారు. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్‌లో నిలబడి పడమటికి చూస్తే అక్కడా సూర్యుడు నీళ్ల వైపే దిగుతాడు. అసలు ఫొటో ఉదయానిదా, సాయంత్రానిదా అన్నది ఫొటోలో తేలదు కదా.

పోటు, పాటు, అంటే సముద్రపు నీరు పెరగడం, తగ్గడం, ఇంతకంటే గట్టి సాక్ష్యం. పౌర్ణమి, అమావాస్యలప్పుడు కూడా విశాఖలో ఆ రెండు మట్టాల తేడా రెండు మీటర్లు దాటదు. గుజరాత్ భావనగర్ వైపు పది మీటర్ల దాకా ఉంటుంది. నీళ్లు ఎక్కడో దూరాన ఉండి, పడవలన్నీ బురదలో ఒరిగి ఉంటే మన తీరం కాదనే అనుకోవాలి.

చేపల పడవ ముక్కు దగ్గర ఐఎన్‌డీ అనీ, పక్కనే ఏపీ, టీఎన్, కేఎల్ అనీ రాష్ట్రం అక్షరాలుంటాయి. అవి పడవ ఎక్కడ రిజిస్టరయిందో చెబుతాయంతే, ఆ పూట ఎక్కడ లంగరు వేసిందో చెప్పవు. పోటీ పడవ తెరచాప మీద ఐఎన్‌డీ ఉంటే అది దేశం గుర్తు. హుస్సేన్ సాగర్‌లోనూ అట్లాంటి చాపలే ఎగురుతాయి.

ఇక నిజంగా నేర్పాల్సింది గీతల పద్ధతి. ఫొటోలో లైట్‌హౌస్, దాని వెనకాల కొండ కొన ఒకే నిలువు వరుసలో పడ్డాయనుకోండి. పటం మీద ఆ రెండింటినీ కలిపి గీత గీసి ఇవతలికి పొడిగించాలి. ఫొటో తీసిన మనిషి ఆ గీత మీదే ఉన్నాడు. ఇట్లాంటి జత ఇంకోటి పట్టుకుంటే రెండో గీత వస్తుంది. అవి కలిసిన చోటే కెమెరా. జతలోని రెండు గుర్తులు ఒకదానికొకటి దూరంగా ఉంటేనే గీత నిక్కచ్చిగా వస్తుంది. రెండు గీతల మధ్య కోణం 30 డిగ్రీలకు తగ్గితే మాత్రం వెంట్రుకవాసి తప్పుకే చుక్క ఎక్కడికో జరిగిపోతుంది. ఇది సాధన చేయడానికి సముద్రమే అక్కర్లేదు. లక్నవరంలో వేలాడే వంతెన స్తంభం, వెనకున్న దీవి అంచు చాలు, ఫోన్లో ఉపగ్రహ పటం తెరిస్తే సరి.

అందుకే ఫొటో అంచులు కత్తిరించకండి. పేజీలో పట్టలేదని కత్తిరించే ఆ మూలల్లోనే లైట్‌హౌసో కొండ కొనో ఉంటుంది. తీసిన నెల, వేళ కింద వేయండి. విశాఖలో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా నెలల్లో ఉత్తరానికి. నెల తెలియకపోతే నీడను చూసి దిక్కు చెప్పబోయినవాడు బోల్తా పడతాడు. జవాబుతో పాటు కనీసం రెండు ఆధారాలివ్వండి.

పేజీ అందం కోసం ఫొటోను అద్దంలోలా తిప్పి వేయడం మాత్రం మానాలి. ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తే సముద్రం ఎడమ చేతి పక్కన ఉంటుంది. తిప్పితే కుడికి వచ్చేస్తుంది. అట్లాంటి చోటు ఆ తీరం పొడుగునా వెతికినా పిల్లలకు దొరకదు.

ఇట్లు,
భూగోళ శాస్త్ర ఉపాధ్యాయుడు,
హనుమకొండ