క్యాన్సిల్ చేయాలంటే క్యాన్సిల్ నొక్కకూడదా?

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న మా అమ్మ ఫోన్‌లో ఒక టికెట్ క్యాన్సిల్ చేద్దామని కూర్చుంది. "బుకింగ్ క్యాన్సిల్ చేయాలా?" అని ఒక పెట్టె వచ్చింది, కింద రెండు బటన్లు, ఒకటి "ఓకే", ఇంకోటి "క్యాన్సిల్". క్యాన్సిల్ చేయాలి కాబట్టి ఆవిడ క్యాన్సిలే నొక్కింది, పెట్టె మాయమైంది, పనైపోయిందనుకుని ఫోన్ పక్కన పెట్టేసింది. తీరా చూస్తే టికెట్ అలాగే ఉంది, డబ్బులు మాత్రం పోయాయి. "ఈ ఫోన్లు నాకు అర్థం కావే" అని తననే తిట్టుకుంది, నాకు ఒళ్లు మండింది ఆ మాటకే.

ఆ స్క్రీన్ చేసినవాళ్లు మోసగాళ్లని అనట్లేదు. వాళ్లకి అక్కడ క్యాన్సిల్ అంటే టికెట్ రద్దు కాదని, ఆ పెట్టె మూసేసి వెనక్కి పోవడమని ముందే తెలుసు, అదే సమస్య. ఒకసారి తెలిశాక తెలియనివాడిలా ఆలోచించడం చాలా కష్టం, సైకాలజీలో దీన్ని కర్స్ ఆఫ్ నాలెడ్జ్ అంటారు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే ఆవిడ కొంతమంది చేత అందరికీ తెలిసిన పాటల్ని టేబుల్ మీద వేళ్లతో దరువేయించి, అవేం పాటలో ఎదుటివాళ్లని చెప్పమంది. దరువేసినవాళ్లేమో సగం పాటలు ఇట్టే కనిపెట్టేస్తారనుకున్నారు, తీరా 120 పాటల్లో దొరికినవి 3. వేసేవాడి బుర్రలో పాట మోగుతుంటుంది, వినేవాడికి టకటక తప్ప ఏముంది!

కావాలని చేసేవి వేరే ఉన్నాయి లెండి, ముందే టిక్ పెట్టేసిన గళ్ల లాంటివి. ఉన్నదాన్ని మార్చడానికి మనిషికి బద్ధకం, ఆ బద్ధకం మీదే వాళ్ల వ్యాపారం. అలా ముందే పెట్టిన టిక్‌ని ఒప్పుకున్నట్టు లెక్కేయడానికి వీల్లేదని యూరోపియన్ యూనియన్ కోర్టు 2019లోనే తేల్చేసింది.

నా గోడు మాత్రం సర్కారు ఆఫీసుల ఫారాల గురించే, జనం డబ్బుతో చేయించి జనం మీదకి వదిలే సైట్ల గురించి. వదిలే ముందు దాని ముఖం కూడా చూడని మనుషుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నోరెత్తకుండా, వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోతోందో చూడొచ్చుగా? ఐదుగురితో చూసినా చాలావరకు తప్పులు బయటపడతాయని వెబ్‌సైట్లు వాడటానికి ఎంత తేలికో పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. ఐదుగురంటే ఐదుగురేనండీ, అందులో ఒకరిగా మా అమ్మని పంపిస్తాను, ఆ బటన్ల మీద "టికెట్ రద్దు చేయి", "వద్దు, ఉంచు" అని రాయమని ఆవిడే చెప్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు