వార్షిక నివేదిక 2024–25: మన టెర్రస్‌ల మీది నీళ్ల సంగతి

మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి లిఫ్టులు, జనరేటర్, సెక్యూరిటీ గురించి చెప్పుకోవలసింది తక్కువే. లిఫ్టుల ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యువల్ అయింది, జనరేటర్‌కు సర్వీసింగ్ జరిగింది, ఆడిటైన లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాం. కమిటీ సమయమంతా తినేసింది నీళ్లే. ట్యాంకర్ల నీళ్లు కాదు, పై అంతస్తుల టెర్రస్‌ల మీద మనం సరదాపడి కట్టించుకుంటున్న కొలనులు, ఫౌంటెన్లు, గోడ మీంచి జారే జలపాతాలు. అందుకే ఈ నివేదిక దాదాపు అంతా వాటి గురించే.

కోకాపేట, నార్సింగి, నానక్‌రాంగూడ వైపు లేచిన కొత్త టవర్లలో ఎక్కడ చూసినా ఇదే ముచ్చట. గోల్కొండలో మట్టి గొట్టాలు వేసి కొండ మీదికి నీళ్లెక్కించిన ఊరు మనది, ఆ సరదాను కాదనడానికి కమిటీ ఎవరు? మేం అడిగేది ఒక్కటే. మీ నేల కిందివాళ్లకు పైకప్పు. నీళ్లు పెట్టుకునే ముందు వాళ్లను కూడా డిజైన్‌లో చేర్చుకోండి.

ఈ మాట ఎందుకొచ్చిందో చెప్పాలి. వానాకాలంలో బి బ్లాక్‌లోని ఒక ఫ్లాట్ హాల్లో ఫ్యాన్ కప్పులోంచి నీళ్లు కారడం మొదలైంది. అందరం వాన మీద నెపం వేశాం. వాన వెలిసింది గానీ కారడం ఆగలేదు. పై ఫ్లాట్ బాత్రూమ్‌లు చూశారు, పొడిగా ఉన్నాయి. పైన టెర్రస్ మీద ఒక కొలను ఉన్న మాట నిజమే గానీ అది హాలుకు సూటిగా పైన లేదు, బాగా పక్కకు ఉంది. చివరికి మన ప్లంబర్ ఆ కొలనులో ఆకుపచ్చ రంగు కలిపాడు. మర్నాడు సాయంత్రానికి ఫ్యాన్ కప్పు కింద పెట్టిన స్టీలు గిన్నెలో పచ్చటి చుక్కలు పడ్డాయి. తీరా విప్పి చూస్తే కొలను అడుగున ఎక్కడా పగులు లేదు. నీటి లోపల వెలిగే లైటుకు వైరు తీసుకెళ్లడానికి పక్కగోడలో చేసిన కన్నం దగ్గర నీరు దిగకుండా పెట్టిన సీలు ఊడింది. అక్కడ దిగిన నీరు స్లాబులోని కరెంటు పైపులో చేరి, దాని వెంబడే నడిచి హాల్లో తేలింది. పని చేసిన కాంట్రాక్టరు పదేళ్ల గ్యారంటీ అని కాగితం ఇచ్చాడట, ఇప్పుడు ఫోనెత్తడం లేదు. పై ఫ్లాట్ సభ్యులు కొలను ఖాళీ చేయించి, కింది ఇంటి సీలింగ్ కూడా తమ ఖర్చుతోనే బాగు చేయించారు. గొడవ పోలీస్ స్టేషన్ దాకా వెళ్లకుండా సర్దుకున్న రెండు కుటుంబాలకూ కమిటీ తరఫున కృతజ్ఞతలు.

ఆ తర్వాత ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును, ల్యాండ్‌స్కేప్ పని తెలిసిన ఒక ఆర్కిటెక్టును పిలిపించి, టెర్రస్ ఉన్న సభ్యులతో కూర్చోబెట్టాం. వాళ్లు చెప్పినదాన్ని బట్టే మన అనుమతి ఫారం తయారైంది.

మొదట బరువు. లీటరు నీరు అంటే కిలో బరువు. ఎనిమిది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు కొలను వినడానికి చిన్నదే. కానీ అందులో పట్టే నీరే సుమారు 1,700 కిలోలు, అంటే చదరపు మీటరుకు 450 కిలోల పైమాట. గోడలు, రాళ్లు, మట్టి ఇంకా కలపలేదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ఇళ్ల బాల్కనీలకు లెక్కలోకి తీసుకోమనే భారం చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 300 కిలోలు. మనుషులు ఎక్కే డాబాకైతే అందులో సగమే. పార్టీకి వచ్చిన జనం రాత్రికి వెళ్లిపోతారు, కొలను మాత్రం ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటుంది. కాబట్టి బిల్డరు డ్రాయింగులో ఆ చోట నీటి భారం ముందే చూపించి ఉంటే తప్ప, ఇంజనీరు సంతకం లేకుండా అనుమతి ఇవ్వం.

ఇక్కడే వాస్తు తగువు వచ్చింది. నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలని చాలామంది పట్టు. ఆ మూల కింద బీము ఉందా, స్లాబు నడిమధ్యా అన్నది వాస్తు చెప్పదు. ఆర్కిటెక్టు చెప్పిన ఉపాయం నాకు బాగా నచ్చింది: ఈశాన్యాన్ని వదలక్కర్లేదు, లోతును వదలండి. అడుగున నల్ల గ్రానైట్ పరిస్తే నాలుగంగుళాల నీరు కూడా లోతు తెలియకుండా ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. మన చీమకుర్తి నల్ల గ్రానైట్ ఉండగా ఇటలీ రాయికి డబ్బులు పోయడమెందుకో నాకైతే అర్థం కాదు. కాకపోతే నున్నగా పాలిష్ చేసిన రాయి మీద బోరునీటి ఉప్పు తెల్లటి చారలుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ అయితే అంతగా బయటపడదు. లోతు తగ్గితే పిల్లల గురించి టెన్షన్ కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. పసిపిల్లలకు కొద్దిపాటి నీరు కూడా ప్రమాదమే. చిన్నపిల్లలున్న ఇళ్లలో నీటి మట్టానికి కాస్త కింద స్టీలు జాలీ తప్పనిసరి.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక టైల్స్ వేయకముందే 72 గంటలు నీరు నిలిపి పరీక్షించాలి. ఆ మూడు రోజులూ కింది ఫ్లాటు వాళ్లు తమ సీలింగ్ చూసుకుని ఫారంలో సంతకం పెట్టాలి. వైర్లు, పైపులు కొలను అడుగు నుంచీ పక్కగోడ నుంచీ వెళ్లకూడదు, గట్టు పైనుంచే దిగాలి. నీటిలోని పంపు, లైట్లు 12 వోల్టులవి పెట్టించండి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) విడిగా ఉండాలి.

గాలి సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. షోరూములో అందంగా లేచే ఫౌంటెన్ ఇరవయ్యో అంతస్తు గాలికి పిట్టగోడ దాటి కింది బాల్కనీలో ఆరేసిన బట్టలను తడిపేస్తుంది. నీటి చిమ్ము ఎంత ఎత్తు లేస్తుందో, తొట్టి అంచు దానికి కనీసం అంత దూరంలో ఉండాలని సాధారణ లెక్క. గాలి తగిలే చోట ఆ దూరం రెట్టింపు కావాలి. అంత జాగా మనలో ఎవరికుంది? అందుకే పైకి చిమ్మేవాటికి బదులు రాతి మీంచి పలచగా జారేవి, బుడబుడమంటూ పొంగేవి మేలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పంపు ఆపాలని కూడా తీర్మానించాం. ఒకరికి జోలపాటయిన చప్పుడు పక్కింటివాళ్లకు కారుతున్న కుళాయిలా వినిపిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి.

పంపు ఆగితే మరి దోమలు? డెంగీ దోమకు మురుగు అక్కర్లేదు, శుభ్రమైన నిలవనీరే ఇష్టం. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి రాత్రి ఆపినా పగలు నీరు కదులుతూనే ఉండాలి. అసలు చిక్కు ఊళ్లకు వెళ్లినప్పుడు. సంక్రాంతికి, వేసవి సెలవులకు తాళం వేసి వెళ్లేవారు కొలను ఖాళీ చేసి వెళ్లండి, లేదా సెక్యూరిటీకి చెప్పి వెళ్లండి. కలువలు పెంచేవారు గప్పీ చేపలు వేసుకుంటే లార్వాలను తినేస్తాయి. అయితే కలువకు ఆకుల మీద నీళ్లు చిందడం గిట్టదు, కలువో ఫౌంటెనో ఏదో ఒకటి ఎంచుకోవాలి. పావురాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక నీరు ఎక్కడిది? 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని ఫౌంటెన్లకు, కార్లు కడగడానికి, మొక్కలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. మనకూ ఆ రోజు రాదనుకోవడం అమాయకత్వం. ఎండల్లో రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఆవిరైనా, పైన చెప్పిన కొలనుకు సుమారు 30 లీటర్లు కావాలి. మన ఎస్టీపీలో శుద్ధి చేసిన మురుగునీరు ఉందిగా అని ఇద్దరు, ముగ్గురు సభ్యులు అడిగారు. మొక్కలకు సరే, చిమ్మే ఫౌంటెన్‌కు మాత్రం వద్దు. తుంపరలతో పాటు లెజియొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదముంది. ఆర్వో వదిలేసే నీటిలో ఉప్పు మరీ ఎక్కువ, పంపులో నెలల్లోనే అది పేరుకుని గడ్డకడుతుంది. ఏసీల నుంచి కారే నీటిలో ఉప్పు దాదాపు ఉండదు, వేసవిలోనే ఎక్కువ వస్తుంది. పైపు కలుపుకుని ఫిల్టర్ చేసి, జారే రకం కొలనులో తగ్గిన మేర పోసుకోవచ్చు. దీన్ని ఒక టెర్రస్‌లో ప్రయత్నించి చూస్తున్నాం.

లాబీ కొలను గురించి ఒక్క మాట. సద్దుల బతుకమ్మ నాడు దాంట్లోనే నిమజ్జనం చేసుకున్నాం, సంతోషమే. కానీ గునుగు పూలకు అద్దిన రంగులతో నీరంతా గులాబీ తిరిగింది, బంతిరేకులు పంపు జాలీని మూసేశాయి. వచ్చే ఏడాది ఆ పక్కనే ప్లాస్టిక్ తొట్టి పెట్టిస్తాం.

సర్వసభ్య సమావేశంలో రెండు అంశాలు ఓటుకు వస్తాయి: ఏప్రిల్ నుంచి జూన్ దాకా లాబీ ఫౌంటెన్ ఆపడం, ఇప్పటికే ఉన్న టెర్రస్ కొలనులన్నిటికీ ఇంజనీరు తనిఖీ చేయించడం. తనిఖీ ఖర్చు ఓనర్లదా, అసోసియేషన్‌దా అన్న దానిపై కమిటీలోనే ఏకాభిప్రాయం లేదు. ఓనర్లే పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. అనుమతి ఫారాలు ఆఫీసులో ఉన్నాయి, కింది ఫ్లాటు వారి సంతకం లేనివి తిరిగి పంపిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి