సూరీ, వాళ్లకీ ఇంటిపేరే ముందు!

సువాన్ (దక్షిణ కొరియా),
2 జూలై 2023, ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

ముందు నాలుగు తిట్టేసి అప్పుడు చదువు. ఏప్రిల్లో రాస్తానన్న ఉత్తరం జూలైలో రాస్తున్నా. నీ వాయిస్ మెసేజ్‌లు మూడూ విన్నాను. మూడోదాంట్లో ఒక్క మాటా లేకుండా ఉత్తినే నిట్టూర్చి పెట్టేశావు చూడు, అది విన్నాక ఇంక ఆగలేకపోయాను. మన్నించరా. ఇప్పుడు మా వీధి చివర కాయిన్ లాండ్రీలో కూర్చున్నాను. వారం నుంచి ఇక్కడ వానలే వానలు, గదిలో బట్టలు ఆరక ముక్కవాసన వస్తున్నాయి. డ్రయర్ తిరిగినంతసేపు నీకే.

అమ్మ కంటి ఆపరేషన్‌కి నువ్వు తోడెళ్లావని చెప్పింది. దాని గురించి రాయడం మొదలుపెడితే ఇంకేమీ రాయలేను, వచ్చాక ఎదురుగా చెప్తా. ల్యాబ్ ఎప్పటిలాగే ఉంది. పేపర్ ఒకటి వెనక్కి వచ్చింది, మళ్లీ పంపాను. ఇక్కడి వంకాయలు పొట్లకాయల్లా పొడుగు, గుత్తివంకాయ ఆశ వదిలేసుకున్నా. బఠాణీల బాబాయికి నమస్కారాలు చెప్పు, పసుపు చొక్కా సంగతి మాత్రం చచ్చినా చెప్పకు.

ఇక అసలు విషయం. పదిహేను రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను.

జనవరిలో కాలవగట్టు మీద కొరియా పాటల పిచ్చి గురించి నువ్వన్న మాట గుర్తుందా? "మాట అర్థంకాని పాటకి కళ్లనీళ్లు పెట్టుకోవడమేంట్రా, వాళ్ల మొహాలకి రంగులు చూసి పడిపోవడం కాకపోతే?" అన్నావు. నాకు చాలా కష్టం అనిపించింది. నేను కొరియన్ నేర్చుకున్నాను కాబట్టి నాకు వర్తించదని తప్పించుకున్నానేగానీ, మిగతావాళ్ల తరఫున జవాబు నా దగ్గర లేదు. ఇప్పుడుంది. జవాబు అనాలో, ఏమనాలో... చదువు, నువ్వే చెప్పు.

బీటీఎస్ అని ఏడుగురు కుర్రాళ్ల కొరియా పాటల గ్రూపు ఉంది కదా, వాళ్లు మొదలైంది 2013 జూన్ 13న. ఈ ఏడాది పదేళ్లు నిండాయని సియోల్ అంతా వాళ్ల ఫ్యాన్స్ రంగైన ఊదారంగు పూసేశారు, నామ్‌సాన్ కొండమీద టవర్‌కి కూడా రాత్రుళ్లు అదే లైటు. అసలు పండగ జూన్ 17 శనివారం, యొయిదోలో హాన్ నది ఒడ్డున పార్కులో. నేను సువాన్ నుంచి ఒకటో లైన్ ఎక్కి నోర్యాంగ్‌జిన్‌లో దిగి తొమ్మిదో లైన్ పట్టుకున్నా. రైల్లోనే తెలిసిపోయింది, ఊదారంగు వేసుకోనివాణ్ణి నేనొక్కణ్ణే. స్టేషన్ నుంచి పార్కు దాకా నడక కాదు, జనంతోపాటు కొట్టుకుపోవడమే. 4 లక్షలమంది వచ్చారని, అందులో లక్షా 20 వేలమంది విదేశీయులని తర్వాత వార్తల్లో లెక్క చెప్పారు. మన పుష్కరాల రేవు తలుచుకో, కానీ తోపులాట లేదు, ఎవడి చాప వాడిదే, చెత్తకి సంచీలు కూడా ఇంటినుంచే తెచ్చుకున్నారు.

చోటు దొరక్క నిలబడితే ఒకావిడ చాప జరిపి కూర్చోమంది. మెక్సికో నుంచి వచ్చిందట, యాభై దాటి ఉంటాయి, తెల్లజుట్టుకి ఊదారంగు రిబ్బను. పక్కనే ఇండోనేషియా అమ్మాయి, చదువుకోడానికి వచ్చింది. వాళ్ల వెనక ఒక కొరియా పెద్దావిడ కింబాప్ (సముద్రపు నాచులో చుట్టిన అన్నం) డబ్బా విప్పుకుని కూర్చుంది. ఆ ఇండోనేషియా అమ్మాయి తినేముందు ఏం చేసిందో తెలుసా, పర్సులోంచి గ్రూపులో ఒకడి బొమ్మున్న చిన్న ఫొటోకార్డు తీసి, తొడుగు తుడిచి, కింబాప్ పక్కన నిలబెట్టి ఫొటో తీసి, అప్పుడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది. ఇక్కడి ఫ్యాన్స్‌కి ఇది మామూలే. నాకు మాత్రం మా నాయనమ్మ నైవేద్యం పెట్టాకగానీ ముద్ద ముట్టుకోనిచ్చేది కాదు కదా, అది గుర్తొచ్చి అలా చూస్తూ ఉండిపోయా. ఆల్బమ్ కొంటే లోపల ఏ కార్డు వస్తుందో తెలియదు, కావలసిన మొహం కోసం ఒకే ఆల్బమ్ పదేసి కొనేవాళ్లున్నారు. ఆ పద్ధతి నాకు నచ్చదు, కంపెనీలు కుర్రాళ్ల జేబులు ఖాళీ చేయడానికి పెట్టినదే అది. ఈ అమ్మాయి ఒక్కటే కొంటుందట, ఏ కార్డు వస్తే అదే తనదట.

మెక్సికో ఆవిడ ఒళ్లో మాత్రం ఒక నోట్‌బుక్ ఉంది. సూరీ, ఆ నోట్‌బుక్ గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గీతల పుస్తకం, మన రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ అంత ఉంటుంది. ప్రతి పేజీలో మూడు వరసలు. పైన పాట కొరియన్ లిపిలో, చిన్నపిల్లల అక్షరాల్లా గుండ్రంగా. దానికింద అదే స్పానిష్ అక్షరాల్లో, పలకడానికి. మూడో వరస అర్థానికి. పాట వచ్చిన రోజు మూడో వరస ఖాళీగా ఉంటుంది. అనువాదం చేసే ఫ్యాన్స్ ఉంటారు కదా, జీతం లేదు భత్యం లేదు, రాత్రికి రాత్రి కూర్చుని ఇంగ్లిష్‌లో పెడతారు, దాన్ని ఇంకొకరు స్పానిష్‌లోకి తెస్తారు. ఆవిడ రెండు మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని, తేడాలు చూసుకుని, వారానికి ఆ వరస నింపుతుంది. అంచుల్లో ఎర్ర పెన్నుతో గమనికలు. ఒకచోట "ఇది గ్వాంజు యాస" అని ఉంది. గ్రూపులో హోసొక్‌ది గ్వాంజు, జిమిన్‌ది బుసాన్, యూన్‌గిది దెగు, వాళ్లకి యాసల మీదే ఒక పాట ఉంది. మనం శ్రీకాకుళం యాసనీ కరీంనగర్ యాసనీ చెవితో పట్టేస్తాం, ఆవిడ ఎర్ర పెన్నుతో పట్టుకుంది. మెక్సికోలో కూర్చుని!

ఐదు గంటలకి గ్రూపు లీడర్ నామ్‌జున్ వచ్చాడు, రేడియో ప్రోగ్రాంలా కూర్చుని కబుర్లు చెప్పాడు. మేము దూరంనుంచి తెరమీద చూశాం. నాకు భాష వచ్చు కాబట్టి ఉత్సాహం ఆగక వాక్యం వాక్యం ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టా. ఇండోనేషియా అమ్మాయి చెవి నా దగ్గర పెట్టింది. మెక్సికో ఆవిడ మాత్రం నా మోచెయ్యి పట్టుకుని, "వద్దు నాయనా, ఇప్పుడే చెప్పకు, ముందు గొంతు విననీ" అంది.

గొంతు విననీ అంది సూరీ.

తర్వాత చెప్పింది. పాట ముందు చెవిలో పడుతుందట, ఎక్కడ గొంతు తగ్గించాడు, ఎక్కడ ఊపిరి పీల్చాడు, అన్నీ వినపడతాయట. అర్థం వారానికి వస్తుందట. వచ్చాక మళ్లీ వింటే తను అనుకున్నది ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా తలకిందులవుతుంది. "ఆ వారం నాకిష్టం, దాన్ని నా దగ్గర్నుంచి తీసెయ్యకు" అంది. నాకు ఏదోలా అయిపోయింది. ఎందుకంటే నేను ఇక్కడికి వచ్చిన మొదట్లో అలాగే వినేవాణ్ణి. ఇప్పుడు పాట మొదలవగానే అర్థం ముందు తోసుకొచ్చేస్తుంది, గొంతు తర్వాతే. ఆ వారం నాకు ఇంక రాదు. ఇది నీకు ఎలా చెప్పాలో...

సరే, ఇంకోటి. ఏ దేశం అని అడిగారు. ఇండియా అన్నా. హిందీయా అన్నారు. కాదు, తెలుగు అన్నా. ఇండోనేషియా అమ్మాయి లేచి నిలబడింది రా! "జంగ్‌కుక్ విన్న పాట భాషా?" అని. జంగ్‌కుక్ కూడా ఆ గ్రూపువాడే, మార్చిలో లైవ్‌లో కూర్చుని 'నాటు నాటు' పెట్టుకుని ఊగాడు కదా, అప్పటినుంచి ఆ పాట వీళ్లందరికీ తెలుసు. ఫోన్‌లో పెట్టేసింది. నది ఒడ్డున, ఊదారంగు సముద్రం మధ్యలో, మన డప్పు! చుట్టూ ఉన్నవాళ్లు పది పన్నెండుమంది భుజాలు పట్టుకుని కాళ్లు ఆడించేశారు, మెక్సికో ఆవిడ కూడా, అదీ తాళం తప్పకుండా. ఆయాసం తీరాక నోట్‌బుక్ తెరిచి, మూడు నెలలుగా ఖాళీగా ఉన్న ఒక గీత చూపించి, "నాటు అంటే ఏమిటి?" అని అడిగింది.

చెప్పు సూరీ, నాటు అంటే ఏమిటి? మోటు అంటే చాలదు. పల్లెటూరిది అన్నా చాలదు. నాటుకోడి చెప్పాను, నాటువైద్యం చెప్పాను, బ్రాయిలర్ కోడికీ నాటుకోడికీ పులుసులో తేడా చెప్పాను, సన్నం చేయని, పాలిష్ పట్టని, మన మట్టిది అన్నాను. ఆవిడ అన్నీ రాసుకుంది, అరపేజీ నిండింది. చివర్లో, "నేను గొంతు విని ఇలాగే అనుకున్నాను" అంది.

ఫిబ్రవరిలో ఢిల్లీలో కొరియా ఎంబసీవాళ్లు ఆ పాటకి డాన్స్ చేసిన వీడియో నువ్వు నాకు ఎన్నిసార్లు పంపావురా? "చూడ్రా, మన పాటకి కొరియావాళ్లు" అని ఒకటే ఆనందం. అప్పుడు వాళ్లకి తెలుగు వచ్చా రాదా అని నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు. దెప్పడం కాదు, నిజంగానే అంటున్నా, అది మన ఇద్దరికీ తట్టలేదు.

ఇంకా ఉంది, ఆగు. ఫ్యాన్‌చాంట్ నేర్పించారు నాకు. పాట మధ్యలో ఫ్యాన్స్ అరిచే పేర్లు. మన ఫ్యాన్స్ షోలో ఎవడికి తోచినప్పుడు వాడు ఈలవేస్తాడు, కాగితాలు ఎగరేస్తాడు. ఇక్కడ ఎక్కడ అరవాలో, ఎక్కడ ఊరుకోవాలో కంపెనీయే ముందుగా చెప్తుంది, బయటిదేశాలవాళ్లు దాన్నీ బట్టీపడతారు. కిమ్ నామ్‌జున్, కిమ్ సొక్‌జిన్, మిన్ యూన్‌గి, జంగ్ హోసొక్, పార్క్ జిమిన్, కిమ్ తెహ్యంగ్, జొన్ జంగ్‌కుక్, బీటీఎస్! అనిచూడు, ఒక్కొక్క పేరూ కొరియన్లో మూడే అక్షరాలు, మూడు చప్పట్లు, అందుకే లక్షమంది అరిచినా తాళం చెదరదు. మెక్సికో ఆవిడకి మొదట్లో అర్థమయ్యేది కాదట, ప్రేమగా పిలిచేటప్పుడు ఇంటిపేరు ఎందుకు, అదీ ముందు ఎందుకు అని. నేను చాపమీద ఎగిరి కూర్చున్నా. మాకూ అంతే, ఇంటిపేరే ముందు, బడిలో హాజరు దగ్గర్నుంచి శుభలేఖ దాకా అన్నాను. అయితే నీ పేరు చెప్పు అన్నారు. తా, ళ్లూ, రి, కృ, ష్ణ, మో, హన్. ఏడు చప్పట్లు! నవ్వీ నవ్వీ మూడుసార్లు అరిచారు.

నేను ఊరుకుంటానా. నీ పేరు కూడా చెప్పా. గుడివాడ సూర్యనారాయణ. పన్నెండుమంది, ఆరేడు దేశాలవాళ్లు, హాన్ నది ఒడ్డున, ఇంటిపేరుతో సహా. 'డ' దగ్గర కొంచెం తడబడ్డారు. ఫోన్‌లో రికార్డు చేశాను, దీంతోపాటే పంపుతున్నా, నీ మూడో వాయిస్ మెసేజ్‌కి నా జవాబు అదే.

వీళ్లంతా కళ్లు మూసుకుని మొక్కేవాళ్లని మాత్రం అనుకోకు. ఇక్కడి పాటలంటే ఫ్యాక్టరీ సరుకు, పిల్లల్ని రుద్ది రుద్ది తయారుచేస్తారు అని బయట చాలామంది అంటారు, అందులో అబద్ధమేమీ లేదు, ట్రెయినీలుగా ఏళ్లతరబడి మగ్గిపోయేవాళ్లు ఎందరో. 2009లో డాంగ్‌బాంగ్‌షిన్‌గి అనే గ్రూపులో ముగ్గురు, 13 ఏళ్ల ఒప్పందం అన్యాయమని తమ కంపెనీమీదే కోర్టుకెళ్లారు. ఆ ఏడాదే ప్రభుత్వం నమూనా ఒప్పందం తెచ్చి ఏడేళ్లకి హద్దు పెట్టింది. ఇది నాకు చెప్పింది మా ల్యాబ్‌లో కొరియావాళ్లు కాదు, ఆ నోట్‌బుక్ ఆవిడే! ప్రేమా ఉంది, లెక్కా ఉంది ఆవిడ దగ్గర. మా ల్యాబ్‌లో ఒకతను విదేశీ ఫ్యాన్స్ అంటే చిరాకుపడతాడు, మా దేశం గురించి ఏమీ తెలియకుండా ఎగబడతారు అంటాడు. ఈ నోట్‌బుక్ అతనికి చూపించాలి ఎలాగైనా.

ఎనిమిదిన్నరకి బాణాసంచా మొదలైంది. అరగంట. జంగ్‌కుక్ గొంతు స్పీకర్లలో. నేను ఆకాశం తక్కువ చూశాను, వెనక కొరియా పెద్దావిడనే ఎక్కువ చూశాను. అంతసేపూ మౌనంగా ఉన్న మనిషి, ఒక్కసారిగా ఏడ్చేసింది. వాళ్ల అబ్బాయి సైన్యంలో ఉన్నాడట, ఏడాదిన్నర చేయాలి కదా ఇక్కడ. సొక్‌జిన్ డిసెంబర్లో వెళ్లాడు, హోసొక్ ఏప్రిల్లో. "మీరంతా వాళ్లకోసం రోజులు లెక్కపెడుతుంటే, ఎవరో మా ఇంటి పిల్లాడికోసం కూడా లెక్కపెడుతున్నట్టుంది" అంది. నేను దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పబోయి మెక్సికో ఆవిడ వైపు చూశా, చెప్పనా వద్దా అని. ఈసారి ఆవిడ చెప్పమంది. విని, ఏమీ అనలేదు, తన జుట్టుకున్న రిబ్బను విప్పి ఆ పెద్దావిడ మణికట్టుకి కట్టింది. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి మాట లేదు. ఆ ముడి వేస్తున్నప్పుడు ఆ వేళ్లు

డ్రయర్ ఆగింది. బయట ఇద్దరు బుట్టలతో నిలబడి నా మెషీన్ వైపే చూస్తున్నారు. తిరుగు రైలులో జరిగింది ఇంకా చెప్పనేలేదు, నోట్‌బుక్‌లో నాచేత తెలుగులో ఏం రాయించుకుందో కూడా చెప్పలేదు. తర్వాత. రికార్డింగ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. అమ్మకి కంట్లో చుక్కల మందు వేళకి వేసుకోమను.

నీ
కిట్టు