కార్యదర్శి నివేదిక, 2024–25: మనం కన్యాశుల్కం ఆడిన సంవత్సరం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల వివరాలను ఈ సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. మన ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి వాటిని మళ్లీ రాయడం లేదు.

వేసవిలో ఎప్పటిలాగే రెండు చోట్ల చలివేంద్రాలు నడిపాము. జూన్‌లో పిల్లలకు నోటుపుస్తకాలు పంచాము. ఆగస్టు 29న గిడుగు వారి జయంతి నాడు తెలుగు భాషా దినోత్సవ సభ జరిపాము. వక్త చాలా బాగా మాట్లాడారు, వినడానికి వచ్చినవారు పంతొమ్మిది మంది. సెప్టెంబరులో బుడమేరు వరదలకు విజయవాడ మునిగినప్పుడు దుప్పట్లు, బియ్యం, పాలపొడి పోగుచేసి లారీలో పంపాము. అడిగిన ఇంట్లో లేదన్న మాట వినిపించలేదు. అక్టోబరు 15న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చిన భక్తులకు మంచినీళ్లు, మజ్జిగ అందించాము. సంక్రాంతికి ముగ్గుల పోటీ జరిగింది. వీటిలో పాల్గొన్న అందరికీ కృతజ్ఞతలు.

ఇక అసలు విషయం. 2024 సెప్టెంబరు 21, శనివారం, గురజాడ అప్పారావు గారి జయంతి నాడు మన సభ్యులు కన్యాశుల్కం నాటకం ఆడారు. ఈ నాటకం 1892లో మొదటిసారి రంగం ఎక్కింది మన విజయనగరంలోనే. తెర లేవగానే గిరీశం నిలబడే బొంకులదిబ్బ మన ఊళ్లోనిదే. అయినా మన సంఘం పుట్టిన నాటి నుంచి సన్నివేశాలు తప్ప పూర్తి నాటకం ఎన్నడూ ఆడలేదు. ఆ లోటు తీరింది.

పూర్తి నాటకం అన్నాను గానీ, 1909 నాటి కూర్పులో ఉన్న ఏడు అంకాలనూ ఉన్నవి ఉన్నట్టు ఆడితే తెల్లవారిపోతుంది. దాన్ని రెండు గంటల నలభై నిమిషాలకు కుదించారు మన నాటక ఉపసంఘం వారు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న దాని మీద మూడు వారాలు వాదనలు జరిగాయి. బైరాగి ఉన్న సారాదుకాణం రంగం పోయింది. దాన్ని తీసేసినందుకు నాకు ఇప్పటికీ బాధే. మధురవాణి ఇంట్లో చీట్లాట, కంటె గొడవ, శిష్యుడి ఆడవేషం, చివరన సౌజన్యారావు పంతులు గారి ఇంట్లో జరిగే సంభాషణ మిగిలాయి. మాటల్లో ఒక్క అక్షరం కూడా కొత్తగా చేర్చకూడదని మొదటి రోజే కట్టడి చేసుకున్నాము. కొత్తదనం అంతా రంగస్థలం మీదే చూపించాము.

ఏమిటా కొత్తదనం అన్నది ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం రాస్తున్నాను. సుబ్బి పెళ్లి చుట్టూనే ఈ కథంతా నడుస్తుంది. తండ్రి అగ్నిహోత్రావధాన్లు డబ్బు తీసుకుని ఆ పిల్లను ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాలనుకుంటాడు, తల్లి ఏడుస్తుంది, మేనమామ కరటకశాస్త్రి ఎత్తు వేస్తాడు, రామప్పంతులు బేరం ఆడతాడు. నీకు ఇష్టమేనా అని సుబ్బిని అడిగేవారు ఒక్కరూ లేరు. అందుకని మన దర్శకుడు ఒక పదేళ్ల పాపకు బడి యూనిఫాం తొడిగి, మొదటి రంగం నుంచి చివరి వరకు వేదికకు ఎడమ వైపున చాప మీద కూర్చోబెట్టారు. ఆ పాప తల వంచుకుని లెక్కలు చేసుకుంటూ ఉంటుంది. ఒక్క మాట కూడా లేదు. పంచెలు, పిలకలు, అంగవస్త్రాల మధ్య నీలం గౌను ఏమిటని పెద్దలు కొందరు ఆక్షేపించారు. నేనూ మొదట ఒప్పుకోలేదు. కానీ ప్రదర్శన నాడు "తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి" అన్న మాటకు హాలంతా నవ్విన క్షణంలో ఆ పాప పుస్తకం మీద నుంచి తల ఎత్తి తండ్రి వేషధారిని చూసింది. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ మాటను నేను చిన్నప్పటి నుంచి కనీసం వందసార్లు విని ఉంటాను. ప్రతిసారీ నవ్వాను. మళ్లీ నవ్వగలనని అనుకోను.

రెండో విషయం బొమ్మలు. 1897లో పుస్తకం అచ్చయినప్పుడు గురజాడ వారు రాసిన పీఠికలో కొన్ని అంకెలు ఉన్నాయి. మహారాజా ఆనంద గజపతి వారి ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల (పిల్ల తండ్రి డబ్బు తీసుకుని చేసిన పెళ్లిళ్ల) జాబితా తయారు చేయిస్తే 1,034 తేలాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. నాటకం మొదలయ్యే ముందు దీపాలన్నీ ఆర్పి, ఈ అంకెలను మన సభ్యుల పిల్లల చేతనే చదివించాము. ఐదేళ్లు, అంతకంటే చిన్నవారు కలిపి 188 మంది. అన్ని గుడ్డ బొమ్మలను మహిళా విభాగం వారు ఆరు వారాల పాటు కుట్టారు. ఏ రెండూ ఒక్కలా ఉండకూడదని పాత చీరల అంచులు, జాకెట్టు ముక్కలు ఏరి తెచ్చుకున్నారు. వాటిని వేదిక వెనుక తాళ్లకు వేలాడదీశాము. ఆట జరిగినంత సేపూ అవి అక్కడే ఉన్నాయి. ఏడాది పిల్లల పేరున కుట్టిన మూడు బొమ్మలు అరచేతిలో ఇమిడిపోతాయి.

మధురవాణి వేషం వేసిన మా సోదరి బ్యాంకు ఉద్యోగిని, ఇద్దరు పిల్లల తల్లి. ఒకప్పుడు ఆ వేషం మగవారు కట్టేవారు. వేశ్య అని సమాజం వెలివేసిన ఆ మనిషే ఈ కథలో సుబ్బి పెళ్లి తప్పించడానికి తోడ్పడుతుంది, హత్య కేసులో ఇరుక్కున్న లుబ్ధావధాన్లును కాపాడుతుంది, గిరీశం బండారం బయటపెడుతుంది. సౌజన్యారావు పంతులు మంచివాడే, కానీ వేశ్యల ముఖం చూడని నియమం ఆయనది. ఆయన మంచితనానికి కూడా అక్కడ పరీక్ష జరుగుతుందని, ఆ రంగంలో ఆమె గొంతు ఎక్కడా పెంచకుండా చూపించారు. సుబ్బి అక్క, వితంతువు అయిన బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపుతామని, ఆమెను పెళ్లాడాలన్న కోరిక మానుకొమ్మని చెప్పినప్పుడు గిరీశం పలికే ఆఖరి మాటను హాలు మొత్తం నటుడితో కలిసి పలికింది: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది."

గిరీశం పాత్రధారికి ప్రదర్శనకు సరిగ్గా మూడు వారాల ముందు బదిలీ అయింది. కరెంటు పనులు చేసే మన యువ సభ్యుడు ఆ వేషానికి ముందుకు వచ్చి, పగలు పని చేసుకుని రాత్రి పాఠం పట్టారు. గిరీశం ఇంగ్లీషు ఆయనకు రెండు రోజుల్లో వచ్చింది. కష్టమైంది తెలుగే. మన ఊరి పలుకుబడిని పుస్తకం చేసిన నాటకాన్ని మన ఊరి యువతే పలకలేకపోయారు! ఆఖరికి ఇద్దరు అమ్మమ్మలు రోజూ రిహార్సల్‌కు వచ్చి కూర్చుని మాట మాటా దిద్దారు. వారికి ఈ సంఘం ఎంతో రుణపడి ఉంది.

ధన్యవాదాలు చెప్పవలసినవారు చాలామంది. ప్రాంప్టింగ్ చేసిన విశ్రాంత తెలుగు మాస్టారు. అద్దె సగమే తీసుకున్న మైకుసెట్టు వారు. పదకొండు రాత్రులు టీ, ఉప్మా పంపిన మేడ మీద ఇంటివారు. మధురవాణి మెడలోకి తమ ఇంటి పాత కంటెను నమ్మి ఇచ్చిన సభ్యురాలు (ఆ రాత్రే తూకం చూసి తిరిగి అప్పగించాము). పేరు రాయవద్దని కోరిన ఇద్దరు దాతలు. వానలో తడవకుండా బొమ్మలను తమ ఆటోలో చేరవేసిన అన్నదమ్ములు. అందరి పేర్లూ విడిగా అచ్చువేసి నోటీసు బోర్డులో పెట్టాము. ఎవరి పేరైనా తప్పిపోతే తెలియజేయగలరు.

కొన్ని మాటలు చెప్పక తప్పదు. జూన్ సమావేశంలో స్వచ్ఛంద సేవకులుగా నలభై మంది చేతులెత్తారు, పేర్లు రాసుకున్నాము. ప్రదర్శన నాడు మధ్యాహ్నం రెండింటికి హాలు దగ్గర ఉన్నది పదకొండు మంది. కుర్చీలు మోసింది ఎవరో తెలుసా? లుబ్ధావధాన్లు, పోలిశెట్టి, హెడ్డు కనిస్టీబు. ముఖానికి రంగు వేసుకున్నాక, చెమటకు ఆ రంగు కారుతుండగా మోశారు. రాలేనివారు ముందు రోజు ఒక ఫోను చేసి ఉంటే మనుషులను చూసుకునేవాళ్లం. హాలు అనుమతి కోసం నేను, కోశాధికారి ఒక కార్యాలయం చుట్టూ ఏడుసార్లు తిరిగాము. మొదటిసారే పూర్తి చేసి ఇచ్చిన దరఖాస్తు ఆరోసారికి కనబడలేదన్నారు. ముఖ్య అతిథిగా పిలిచిన అధికారి గంటన్నర ఆలస్యంగా వచ్చి, బాలికా సంరక్షణ గురించి నలభై నిమిషాలు ప్రసంగించి, పిల్లలు అంకెలు చదవడం మొదలుపెట్టకముందే వెళ్లిపోయారు. ఆ పిల్లలు రెండు నెలలు నేర్చుకున్నారు. ఇకపై మన నాటకాలకు ముఖ్య అతిథి ఉండరాదని కార్యవర్గం తీర్మానించింది. సభ ఆమోదించాలని కోరుతున్నాను.

జమాఖర్చులు: చందాలు, విరాళాలు కలిపి రూ. 2,14,600 వచ్చాయి, ఖర్చు రూ. 2,09,350, నిల్వ రూ. 5,250. ఆడిటర్ సంతకం అయింది. రసీదులు కోశాధికారి వద్ద చూడవచ్చు. చందా బకాయి ఉన్నవారు దయచేసి ఈ సమావేశంలోనే చెల్లించండి.

నాటకం ఆడిన ఒకటి రెండు వారాలకు మన సభ్యురాలైన ఒక ఉపాధ్యాయురాలు వచ్చి కలిశారు. తొమ్మిదో తరగతి పిల్ల బడికి రావడం మానేస్తే, ఇలాంటివి మామూలే అని ఊరుకోకుండా ఈసారి ఆ ఇంటికి వెళ్లానని, సంబంధం చూస్తున్నారని తెలిసి తల్లిదండ్రులతో మాట్లాడానని చెప్పారు. బాల్యవివాహాలను ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చింది. ఇప్పుడున్న 2006 చట్టం ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలి. శుల్కం పోయి కట్నం వచ్చింది గానీ పిల్లను అడగకపోవడం పోలేదు. ఆ పిల్ల మళ్లీ బడికి వస్తోంది. ఇది మన నాటకం వల్లే జరిగిందని నేను అనను. ఆ టీచరుగారు మాత్రం ఆ పాప తల ఎత్తి చూసిన చూపు తనను వదలలేదన్నారు. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న ఫోను నంబరు 1098ని పెద్ద అక్షరాలతో రాసిన బోర్డును ఇకపై ప్రతి ప్రదర్శనలో హాలు గుమ్మం దగ్గర పెడతాము.

2025 నవంబరు 30, గురజాడ వారి వర్ధంతి, ఆదివారం అవుతోంది. ఆ రోజు ఈ నాటకాన్ని మళ్లీ ఆడాలని, ఆ తరువాత చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు తీసుకువెళ్లాలని సంకల్పం. రిహార్సళ్లు సెప్టెంబరు మొదటి ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు సంఘం కార్యాలయంలో మొదలవుతాయి. ఈసారి పేరు ఇచ్చేవారు వచ్చే రోజులు కూడా రాసి ఇవ్వాలి.

చివరగా ఒక మనవి. ఆ రాత్రి ఆట అయ్యాక చాలామంది ప్రేక్షకులు బొమ్మలను చేతుల్లోకి తీసుకుని చూశారు, కొందరు ఇళ్లకు తీసుకువెళ్లారు. 188లో 161 మాత్రమే బీరువాలోకి చేరాయి. చిన్న బొమ్మలు మూడింటిలో ఒకటి లేదు. మీ ఇంట్లో ఉంటే తెచ్చి ఇవ్వండి. నవంబరుకు అవన్నీ కావాలి.

ఇట్లు
కార్యదర్శి