డిమెన్షియా పేషెంట్లు ఊరికే తిరగబడరు

ఎడిటర్ గారికి నమస్కారం,

వృద్ధాశ్రమాల గురించి మీ పేపర్లో తరచూ రాస్తున్నారు, సంతోషం. కానీ ఏసీ ఉందా, భోజనం బాగుందా అనేదానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లు ఉన్నట్టుండి కొట్టడం, తిట్టడం, రాత్రంతా అరవడం మొదలుపెడితే ఆ హోమ్ వాళ్లు ఏం చేస్తారు? చాలామంది ఒకటే మాట చెప్తారు, జబ్బు ముదిరిందండీ, నిద్రకి ఏదైనా రాయిద్దాం అని.

మా అమ్మ హైదరాబాద్ శివార్లలో ఒక హోమ్‌లో ఉంటోంది. సాయంత్రమయ్యేసరికి చీరలన్నీ మూట కట్టుకుని, పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు ఇంటికెళ్లాలి అంటుంది, అది మాకు అలవాటే, ఈ జబ్బులో పొద్దువాలేకొద్దీ కంగారు ఎక్కువవుతుంది. మొన్న ఎండాకాలంలో మాత్రం స్నానానికి లేపితే ఆయమ్మ చెయ్యి కొరికేసింది, అన్నం పళ్లెం నెట్టేసింది. హోమ్ వాళ్లు క్వెటియాపిన్ (మానసిక జబ్బులకి వాడే, మనిషిని మత్తుగా ఉంచే మందు) డోసు పెంచుదామన్నారు. అప్పుడు ఆ ఆయమ్మే మెల్లగా చెప్పింది, "అమ్మగారికి కొన్ని రోజుల్నించి విరేచనం అవ్వట్లేదమ్మా, పొట్ట మీద చెయ్యి తగిలితే చాలు అరుస్తున్నారు" అని. డాక్టర్ చూసి, అమ్మ వేసుకుంటున్న జలుబు మాత్ర ఆపించి, మలబద్ధకానికి మందిచ్చి, నీళ్లు బాగా పట్టించమన్నారు, వారం తిరిగేసరికి మూట కట్టుకునే మా అమ్మ మళ్లీ మాకు దొరికింది.

నెలల తరబడి మెల్లమెల్లగా వచ్చే మార్పు వేరు, ఒకట్రెండు రోజుల్లో మనిషి మారిపోవడం వేరు. రెండోదాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు, దాని వెనక యూరిన్ ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, నొప్పో, కొత్త మందో ఉండొచ్చు. కొన్ని జలుబు మాత్రలు కూడా ఈ వయసులో అయోమయం తెస్తాయి, మలబద్ధకమూ చేస్తాయి. ఇవి కాక కళ్లజోడు పక్క మంచం వాళ్లకి మారిపోవడం, హాల్లో టీవీలో క్రైమ్ న్యూస్ గట్టిగా మోగడం, అమ్మ ఎప్పుడో నేర్చుకున్న హిందీ మర్చిపోతే రాత్రి డ్యూటీ కుర్రాడికి హిందీ తప్ప రాకపోవడం... భయపడరా మరి?

మందులు అసలే వద్దని కాదు, తనకో పక్కవాళ్లకో ప్రమాదం ఉంటే తప్పదు. కానీ డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో క్వెటియాపిన్ లాంటి మందులతో మరణం రిస్క్ పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది, 2008లో ఇదే కోవలోని పాతతరం మందులకీ అదే హెచ్చరిక పెట్టింది. ఈ సంగతి ఎంతమంది కుటుంబాలకి చెప్తున్నారు?

2023లో వచ్చిన ఒక అంచనా ప్రకారం దేశంలో అరవై దాటిన వాళ్లలో 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది, హోమ్‌లు ఇంకా పెరుగుతాయి. ప్రతి హోమ్‌లో తిండి, నీళ్లు, విరేచనం, నిద్ర, కొత్త మందులు రోజూ రాసే రిజిస్టర్ ఉండాలని, మత్తు మందు మొదలుపెట్టే ముందు ఇంటివాళ్లకి ఫోన్ చేసి కారణం చెప్పాలని మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ రూల్ పెట్టాలి. ఈలోపు హోమ్ వాళ్లు మాట వినకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉందని మీ పాఠకులకి గుర్తు చేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్