లాడ్ బజార్‌లో గాజులు చేసేవాళ్లను నిలుపుకోవాలి

సంపాదకుడు గారికి,

చార్మినార్ చుట్టూ వాహనాలు తగ్గించి, నడిచేవాళ్ల కోసం రాళ్లు పరిచారు. మంచి పనే. కానీ ఆ తర్వాత, పక్కనే ఉన్న గాజుల వీధి లాడ్ బజార్ గురించి ఎప్పుడు మాట వచ్చినా దుకాణాల ముందు భాగం, బోర్డుల సైజు దగ్గరే ఆగిపోతోంది. వెనక సందుల్లో లక్క గాజులు చేసేవాళ్ల ఊసే ఉండదు. ఆ బజారుకు పేరు తెచ్చింది వాళ్లే.

ఆ పని దగ్గర్నుంచి చూస్తేనే తెలుస్తుంది. వేడెక్కిన లక్కను కాడలా సాగదీసి, గుండ్రంగా వంచి, కొసలు కలుపుతారు. మెత్తగా ఉండగానే సన్నటి పుల్లతో ఒక్కో రాయినీ ఎత్తి అద్దుతారు. కాస్త చల్లారిందా, రాయి పట్టదు, మళ్లీ సెగ చూపించాలి. పెళ్లి చీర పట్టుకెళ్లి ఈ రంగుకి, రెండు ఆరు సైజులో కావాలంటే చేసిపెట్టేది ఈ చేతులే. ఏ మాల్‌లోనూ దొరకని సౌకర్యం ఇది.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఎంతో సంతోషించాం. కానీ దుకాణం ముందు నిలబడితే దాని జాడే కనిపించదు. లక్క గాజుల పక్కనే మెషీన్ మీద చేసిన గాజులు అలాగే మెరుస్తుంటాయి. ఏది ఏదో చెప్పే చీటీ ఉండదు. చౌక సరుకుతో పోటీ పడితే చేతిపనికి కూలి పెరగదు, కూలి గిట్టకపోతే పిల్లలు ఈ పనిలోకి రారు.

చార్మినార్‌కు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు చేపట్టకూడదని చట్టం ఉంది. 1591 నాటి కట్టడానికి ఆ రక్ష ఉండాల్సిందే. పక్కనే ఉన్న ఈ వృత్తిని కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలి కదా!

భద్రత సంగతి కూడా వదిలేయలేం. 2025 మేలో చార్మినార్‌కు దగ్గర్లోని గుల్జార్ హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. కింద దుకాణం, పైన కాపురం, ఇరుకు మెట్లు ఉన్న ఇళ్లు పాతబస్తీలో ఎన్నో ఉన్నాయి. నిప్పుతో పనిచేసే గదులకు మరింత జాగ్రత్త కావాలి. అలాగని కార్ఖానాలను ఊరి బయటికి పంపిస్తామంటే మాత్రం ఒప్పుకోకూడదు. కొనేవాళ్లకు దూరమైతే ఆ పని బతకదు. లాడ్ బజార్ చుట్టుపక్కలే గాలి ఆడే గదులు, సరైన వైరింగ్‌తో, తక్కువ అద్దెకు ఇవ్వాలి. నిజమైన లక్క గాజుల పెట్టె మీద జీఐ గుర్తు కనిపించేలా అధికారులు, వ్యాపారులు కలిసి ఏర్పాటు చేయాలి. గదులకు సమయం పడుతుందేమో గానీ, ఈ గుర్తు వేయడం రంజాన్ రద్దీ మొదలయ్యేలోపే చేయొచ్చు.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్